నీళ్ల మీద వినిపించిన మాట

కాటాల షెడ్డు
ఫిబ్రవరి 6

అక్కకి,

నిన్న పొద్దున షెడ్డుకి ఎవరూ రాకముందు పెద్ద కాటా ఎక్కాను. బస్తాలు తూచేది. దాన్ని బాగుచేసి ముల్లు సున్నాకి తెచ్చింది నేనే కాబట్టి దాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. నూటపంతొమ్మిది కిలోలు. జేబులో స్క్రూడ్రైవర్ ఉందని గుర్తొచ్చి, అది తీసి కింద పెట్టి మళ్లీ చూశాను. నూటపంతొమ్మిదే.

కాలు పరవాలేదు. లోపల కడ్డీ వేశారు కదా, చలి పొద్దుల్లో నాకంటే ముందు అదే నిద్రలేస్తోంది. ఫిజియోథెరపీ ఆవిడ చేతికర్ర వదిలెయ్యమంది, వదిలేశాను. కాలికి బలం రావాలంటే బరువు తగ్గాలట, బరువు తగ్గాలంటే కాలు కదలాలట. ఏది ముందో మాత్రం ఆవిడ చెప్పలేదు.

అసలు సంగతి చెబుతా, తిట్టకు. సెప్టెంబరులో ఇక్కడి రిజర్వాయర్ దగ్గర జరిగే ట్రయాథ్లాన్‌కి పేరిచ్చాను. అదే, బావ చేయాలనుకున్నది. ముప్పావు కిలోమీటరు ఈత, ఒళ్లు తుడుచుకునే టైము కూడా ఇవ్వకుండా ఇరవై కిలోమీటర్లు సైకిలు, దిగీ దిగగానే అయిదు కిలోమీటర్ల పరుగు. పేర్లు రాసుకునే అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, ఎవరి తరఫున వచ్చారు సార్ అనడిగింది. నా తరఫునే అన్నాను. పాపం, పెన్ను కింద పడేసుకుంది.

నువ్వు వెళ్తూ నా దగ్గర వదిలిన బావ సైకిల్ గోడ మీంచి దించాను. వీధి చివరి దాకా తొక్కి, అక్కడి నుంచి నడిపించుకుంటూ వచ్చాను. మొదటి రోజుకి చాలనిపించింది.

ఫోన్ మోగితే నీకు ఆ పొద్దుటి కబురే గుర్తొస్తుందని, ఏదున్నా రాయమన్నావుగా. అందుకే రాస్తున్నా. పాపకి ముద్దులు.

తమ్ముడు


ప్రెస్సు, ప్రూఫుల గది
ఫిబ్రవరి 15

ఒరేయ్ బస్తా,

నీకేమైనా మతి పోయిందా? రెండో అంతస్తు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడివి, నువ్వు ట్రయాథ్లానా? నీ ఉత్తరం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని చదివాను. ఒక్క ముద్ద దిగలేదు. పక్క కుర్చీలో కూర్చునే పెద్దాయన ఏమైందమ్మా అంటే, మా తమ్ముడికి పిచ్చెక్కిందండీ అని చెప్పి ఊరుకున్నాను.

నాలుగు నెలలు కాలేదురా. ఆ నీళ్లు మీ బావని తీసుకున్నాయి, నీ కాలు విరిచి వదిలాయి. మళ్లీ వాటి మొహం చూడాలని నీకెలా ఉంది? నేనైతే ఆ ఊరే వదిలేసి ఇంత దూరం వచ్చి ఉద్యోగం చూసుకున్నాను.

నీకొకటి చెప్పాలి, ఎదురుగా ఉంటే చెప్పలేను. పొద్దున్నే లేవబుద్ధి కాదు. అప్పుడు ఒక్కటి అనుకుని లేస్తాను. ఆయన ఆఖరి నిమిషంలో ఒంటరిగా లేరు, నా తమ్ముడు ఆయన కోసం దూకాడు, పక్కనే నీళ్లలో ఉన్నాడు అని. పాపకి కూడా అదే చెప్పాను. వాళ్ల నాన్న గురించి అడిగిన ప్రతిసారీ నీ సంగతి చెప్పమంటుంది.

చేస్తే చెయ్యి. నువ్వు మొండివాడివని నాకు తెలియదా? కానీ డాక్టర్ని అడక్కుండా ఒక్క అడుగు పరిగెత్తావో, వచ్చి రెండో కాలు నేనే విరగ్గొడతాను.

అక్క


స్విమ్మింగ్ పూల్ పక్క బెంచీ
మార్చి 12

అక్కకి,

ముందు ఒక మాట. నన్ను ఆ పేరుతో పిలవకు. బరువు తగ్గి గర్వం తలకెక్కిందనుకోకు, తగ్గింది మూడు కిలోలే. ఊరికే, పిలవకు.

ఇక్కడి కబుర్లు విను. నా కొలత నిక్కరు షాపులో లేదు. షాపాయన టేపు నా నడుము చుట్టూ తిప్పి, అది అందక, ఇంకో టేపు తెచ్చి కలిపాడు. రెండు వారాలకి కుట్టి ఇచ్చాడు. ఈత నేర్పే టీచర్ సన్నగా, నోట్లో విజిల్‌తో, ముక్కు మీద కోపంతో ఉంటుంది. నన్ను లోతు లేని వైపు ఏడేళ్ల పిల్లల వరసలో నిలబెట్టింది. గోడ పట్టుకుని, తల ముంచి, బుడగలు ఊదాలి. మొదటి రోజు నాకు ఊపిరాడలేదు. పక్కనున్న పళ్లూడిన పాప నన్ను చూసి జాలిపడి, "అంకుల్, ముక్కుతో కాదు, నోటితో" అని చేసి చూపించింది. ఇప్పుడు తనే నా గురువు.

ఇవాళ మొదటిసారి గోడ వదిలేశాను. ఆరు లెక్కపెట్టేదాకా తేలాను అక్కా. నూటపదహారు కిలోలు నీళ్ల మీద తేలాయి. నా బరువు ఎవరో మోసినట్టనిపించింది, ఏడుపొచ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదొక సుఖం.

ఒక్కటే ఇబ్బంది. తల ముంచగానే ఎవరో పిలిచినట్టుంటుంది. దూరం నుంచి, ఒక్క మాట. లేచి చూస్తే ఎవరూ ఉండరు. చెవిలో నీళ్లండీ, అందరికీ అలాగే ఉంటుంది అంటుంది టీచర్. చెవిలో దూది పెట్టుకుని చూశాను, పోలేదు.

తమ్ముడు


ప్రెస్సు, ప్రూఫుల గది
మార్చి 22

ఒరేయ్,

పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పొరపాట్లు వెతకడమే నా పని. ఎవరి రాతలోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. నీ ఉత్తరంలోనూ ఒకటి దొరికింది. మూడుసార్లు చదివాను, పొరపాటు నాదేమోనని.

రిజర్వాయర్‌కి ఒంటరిగా వెళ్లొద్దు, ఈత వచ్చినవాణ్ని తోడు తీసుకెళ్లండి అని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ రోజు గుర్తుందా? మీ బావ ఏమన్నారు? "నీ తమ్ముడున్నాడుగా, ఆరు నెలల్లో వాణ్ని చేపని చేసేశాను" అన్నారు. నువ్వు పక్కన నిలబడి నవ్వావు. ఆ మాట మీదే కదా నేను పక్కకి తప్పుకున్నది.

మరి చేపకి గోడ పట్టుకుని బుడగలు ఊదే కర్మ ఎందుకు పట్టింది? మొదటిసారి గోడ వదిలేశానని రాశావు. మొదటిసారి ఏమిట్రా?

అక్క


ఇల్లు, కిటికీ దగ్గర
ఏప్రిల్ 1

అక్కకి,

భయం అక్కా, అంతే. ఆ రోజు తర్వాత ఒళ్లు అన్నీ మర్చిపోయింది. నీళ్లు చూస్తే వణుకు. అందుకే టీచర్ మొదటి నుంచి మొదలుపెట్టించింది. మొదటిసారి అంటే మళ్లీ మొదటిసారి అని.

నూటపదకొండు. సైకిల్ మీద తొమ్మిది కిలోమీటర్లు వెళ్లొచ్చాను. పరుగు ఇంకా లేదు, డాక్టర్ ఒప్పుకోలేదు, గబగబా నడుస్తున్నాను. కొండ పక్క రోడ్డు ఎక్కేటప్పుడు నన్ను ఒక ముసలాయన నడుచుకుంటూ దాటిపోయాడు. దాటి, వెనక్కి తిరిగి, కానివ్వండి కానివ్వండి అన్నాడు.

పాప ఎలా ఉంది?

తమ్ముడు


ఇల్లు, వంటగది
ఏప్రిల్ 14

తమ్ముడూ,

అలా అడిగినందుకు నా చెంపలు నేనే వాయించుకున్నాను. నీటిలోంచి చావు తప్పి బయటపడ్డవాణ్ని పట్టుకుని లెక్కలు అడుగుతున్నాను చూడు. ఈ ఉద్యోగం చేసీ చేసీ మనుషుల్లో కూడా అచ్చుతప్పులు వెతుకుతున్నాను. మనసులో పెట్టుకోకు.

ఒక మంచి మాట. పాప ఈత నేర్చుకుంటానంది. నాన్నని తీసుకెళ్లిన నీళ్లంటే దీనికి భయం ఉండిపోతుందేమోనని ఇన్నాళ్లూ నేను లోలోపల కుమిలిపోయాను. తనే అడిగింది. నీ ఆరు లెక్కల సంగతి చదివి వినిపిస్తే తెగ నవ్వి, మావయ్య దగ్గరే నేర్చుకుంటా, నేను మునిగితే మావయ్య దూకుతాడుగా అంది. సెలవులివ్వగానే మే మొదటి వారంలో పంపిస్తాను. ఆ రిజర్వాయర్ కూడా ఒకసారి చూపించు, దూరం నుంచి. నేనైతే రాలేను. నువ్వు పక్కనుంటే నాకే భయమూ లేదు.

అక్క


కాటాల షెడ్డు
ఏప్రిల్ 20

అక్కా,

పాపని నా దగ్గరికి పంపకు. ఈ ఉత్తరం పూర్తిగా చదువు, తర్వాత ఏం చేసినా సరే.

నేను దూకలేదు. నాకు ఈత రాదు, ఈ మార్చి దాకా ఎన్నడూ రాలేదు. ఆరు నెలలు బావతో పూల్‌కి వెళ్లిన మాట నిజమే. మొదటి రోజు ముక్కులోకి నీళ్లెక్కితే పైకొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మిగతా ఆరు నెలలూ ఆ బెంచీయే. బావ నవ్వి ఊరుకున్నాడు. మీ అక్కకి చెప్పకు, తెలిస్తే నన్ను రిజర్వాయర్ ఛాయలకి కూడా పోనివ్వదు అన్నాడు. ఇద్దరం కలిసే నీకు అబద్ధం చెప్పాం.

ఆ పొద్దున మామూలుగానే మెట్ల మీద కూర్చున్నాను. బావ రెండు చుట్లు ఈదాడు. మూడో చుట్టులో బాగా దూరం వెళ్లాక ఆగి, చెయ్యెత్తి ఒక కేక వేశాడు. నాకు 'వస్తా' అని వినిపించింది. ఎక్కడికి బయల్దేరినా బావ నాతో అనేది అదేగా, 'బస్తా, వస్తా' అని, పాటలాగా కలిపి. సరే, ఇంకో చుట్టు వేసొస్తాడు, ఇరవై నిమిషాలు పడుతుంది అనుకున్నాను. నేనూ చెయ్యూపి, లేచి రోడ్డు మీద స్కూటర్ దగ్గరికి వెళ్లాను. డిక్కీలో బన్నుల ప్యాకెట్ దాచుకున్నాను, బావ చూస్తే తిననివ్వడని. నాలుగు బన్నులు అక్కా. నాలుగోది సగంలో ఉండగా, బావ ఈపాటికి వచ్చేస్తుంటాడని ప్యాకెట్ డిక్కీలో పడేశాను. వచ్చి చూస్తే నీళ్ల మీద బావ నారింజ రంగు ఈత టోపీ లేదు.

పరిగెత్తాను. ఆఖరి మెట్టు మీద నాచు ఉంది. జారి మోకాలి లోతు నీళ్లలో పడ్డాను, కాలు అక్కడ విరిగింది. అరిచాను. అవతలి ఒడ్డున వలలు వేసుకునే పడవాయన వచ్చి, బావని వెతికి తీసి, తర్వాత నన్ను లాగాడు. ఇద్దరం తడిసి ఉంటే అందరూ నేను దూకాననుకున్నారు. ఆస్పత్రిలో నీకు అదే చెప్పారు. నువ్వు నా మంచం పట్టుకుని, నా తమ్ముడా అని ఏడ్చావు. కాదక్కా అనాల్సింది అప్పుడే. అనలేదు. తర్వాత ప్రతి రోజూ ఇంకా కష్టమైంది.

బావ అన్నది 'వస్తా' కాదేమో. 'బస్తా' ఏమో. నన్నే పిలిచాడేమో. తేడా ఒక్క అక్షరం. ఆయన నన్ను పిలుస్తుంటే నేను చెయ్యూపి వెళ్లిపోయి బన్నులు తిన్నానేమో. తల ముంచినప్పుడల్లా నాకు వినిపించేది అదే. ఒక రోజు వస్తా అంటుంది, ఒక రోజు బస్తా అంటుంది. ఈత నేర్చుకుంటే ఆ చోటిదాకా వెళ్లి వినొచ్చని పేరిచ్చాను. ఆరోగ్యం కోసం కాదు.

నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు.

తమ్ముడు


మే 2

పాప రావట్లేదు.


కాటాల షెడ్డు
ఆగస్టు 10

అక్కకి,

నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది పోస్టు చేస్తాను, నువ్వు చదవకపోయినా సరే.

తొంభై ఎనిమిది కిలోలు. ఏడు వందల మీటర్లు ఆగకుండా ఈదుతున్నాను. పళ్లూడిన పాపకి కొత్త పళ్లొచ్చాయి, నన్ను వదిలేసి లోతు వైపు వెళ్లిపోయింది. పరుగులో నాలుగో కిలోమీటరు దగ్గర కడ్డీ సలుపుతుంది, ఆగి నడిచి మళ్లీ పరిగెత్తుతాను. చెప్పుకోవడానికి ఎవరూ లేక నీకే చెబుతున్నాను.

రిజర్వాయర్‌లో ఇంకా దిగలేదు. మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాను. పడవాయన నన్ను గుర్తుపట్టి కాలెలా ఉంది బాబూ అన్నాడు. ఆ రోజు ఏమైనా విన్నారా అనడిగాను. నీ అరుపే విన్నాను, అంతకుముందు ఏమీ వినలేదు అన్నాడు.

తమ్ముడు


ప్రెస్సు, ప్రూఫుల గది
ఆగస్టు 25

తమ్ముడూ,

ఈ ఉత్తరమూ చదివాను. ఏప్రిల్ ఉత్తరం నాకు కంఠతా వచ్చేసింది.

నీ మీద కోపం ఎంతో చెప్పలేను. అంతకంటే ఎక్కువ మీ బావ మీద. నా కళ్లలోకి చూసి చేపని చేసేశాను అన్నాడు. బతికుంటే కడిగేసేదాన్ని. పోయిన మనిషి మీద కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పాప మీద అరుస్తున్నాను. నాకు మిగిలింది ఒక్కటే, ఆయన ఒంటరిగా పోలేదన్నది. అదీ నువ్వు లాగేసుకున్నావు. నిజం చెప్పినందుకు మెచ్చుకోమంటావా? నా వల్ల కాదు.

కానీ ఆ ఒక్క అక్షరం నన్ను కూడా పట్టుకుంది. అచ్చుకొచ్చిన కాగితంలో అనుమానం వస్తే రాతప్రతి తెచ్చి పక్కన పెట్టి చూస్తాం. దీనికి రాతప్రతి లేదు. అందుకని ఒకటి చేద్దాం. వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సులో వస్తాను. నేను మెట్ల మీద నువ్వు కూర్చున్న చోట కూర్చుంటాను. నువ్వు ఆయన ఆగిన చోటికి ఈదుకుంటూ వెళ్లు. పడవాయన్ని పక్కనే రమ్మను, అది మాత్రం మర్చిపోకు. అక్కడ ఆగి రెండు మాటలూ అరిచి చెప్పు, ఒకటి తర్వాత ఒకటి. ఏది ముందో నాకు చెప్పకు.

రెండూ వేరుగా వినిపిస్తే నువ్వు విన్నది సరైనదే, ఆయన నిన్ను పిలవలేదు. అప్పుడు నేను నిన్ను ఒక్క మాట అనను. రెండూ ఒకేలా వినిపిస్తే ఏం చేస్తానో నాకే తెలియదు.

అక్క


ఇల్లు, కిటికీ దగ్గర
సెప్టెంబరు 4

అక్కకి,

నువ్వు ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కేశావు. మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

నేను నువ్వు చెప్పినట్టే చేశాను. పడవాయన అక్కడే బాబూ అని చూపించాక ఆగాను. కింద నేల లేదు, కాళ్లాడిస్తూ నిలబడ్డాను. నీళ్లు అక్కడ ఉన్నట్టుండి చల్లగా ఉన్నాయి. ఈత అద్దాలు మసకేసి నువ్వు నాకు ఒక మచ్చలాగా కనిపించావు, అంతే. చెయ్యెత్తి మొదటి మాట అరిచాను. నా గొంతు నాకే బావ గొంతులా అనిపించింది. కాసేపాగి రెండోది అరిచాను. ఒడ్డు ఎంత దూరమో అప్పుడే తెలిసింది. అంత దూరం నుంచి మనిషి ఊరికే కేక వేయడు అక్కా, ఆ సంగతి కూర్చున్నవాడికి తెలియదు.

ఒడ్డుకి వచ్చేసరికి నీ బట్టలు నడుము దాకా తడిసి ఉన్నాయి. వాన లేదు, గాలి లేదు. ఏమైందని అడిగితే మొహం తిప్పుకున్నావు. ఏది ముందు వినిపించిందని అడిగితే నడిచి వెళ్లిపోయావు. పోటీ ఈ నెల పదిహేనునే. అందులో దిగనా వద్దా అన్నది కూడా నాకు తేలడం లేదు. ఏం విన్నావో చెప్పు. ఏదైనా సరే, చెప్పు.

తమ్ముడు


ఇల్లు, వంటగది
సెప్టెంబరు 7

తమ్ముడూ,

రెండూ ఒకేలా వినిపించాయి. చెవులు రిక్కించి, ఇన్నేళ్లుగా అక్షరం అక్షరం పట్టుకునే బుద్ధంతా పెట్టి విన్నాను. బ అనీ లేదు, వ అనీ లేదు. ఒక 'ఆ' మాత్రం నీళ్ల మీద సాగుతూ వచ్చింది. కాబట్టి ఆయన ఏమన్నాడో నీకు ఎప్పటికీ తెలియదు, నాకూ తెలియదు. నీకు నేను ఇవ్వగలిగింది ఏమీ దొరకలేదు.

పోటీకి వెళ్లు. ఇంత చేశాక మానేయకు. నేను రాను. పాపకి ఇక్కడే ఒక టీచర్ని చూశాను, గురువారం నుంచి వెళ్తుంది. నీకు ఈత రాదన్న సంగతి తనకి చెప్పాను. ఇప్పుడొచ్చుగా అంది. చిన్నపిల్ల, దానికి అది చాలింది. నాకు చాలలేదు. కొన్నాళ్లు ఉత్తరాలు రాయకు. రాయాలనిపించినప్పుడు నేనే రాస్తాను.

బట్టలు ఎందుకు తడిశాయని అడిగావు. ఆ రోజు చెప్పలేకపోయాను. నువ్వు అరుస్తావని నాకు తెలుసు. ఎందుకు అరుస్తావో తెలుసు. పక్కన పడవ ఉందనీ తెలుసు. అయినా మొదటి కేకకి నేను కూర్చోలేకపోయాన్రా. రెండో కేకకి నీళ్లలో ఉన్నాను. నడుము దాకా మునిగాక గానీ గుర్తు రాలేదు, నాకు ఈత రాదని, నీ మీద నాకు కోపమని.

అక్క